కటింగ్ మెషీన్ మీద పేరు

మార్చి 3, మంగళవారం

నా మెషీన్ మీద ఇంకొకడి పేరు నాచేతే రాయించారు.

మా ప్రెస్సులో మెషీన్ ఎవరికిస్తే వాళ్ల పేరు దాని మీద ఎర్ర ఎనామిల్‌తో రాస్తారు. పేరున్నవాడు రాని రోజున నేను నడపాలి, వాడు రాగానే దిగిపోవాలి. నాలుగేళ్లుగా ఇదే బతుకు. పేర్లు రాసేదీ నేనే, అక్షరాలు కుదురుగా ఉంటాయని.

మూలపడ్డ రెండు రంగుల అచ్చు మెషీన్‌ని ఆరు వారాలు విప్పి, బిగించి, నడిపించాను. ఎవడూ నేర్పలేదు. అది నీదేరా అన్నాడు ఓనర్. ఇవాళ నిన్నగాక మొన్న చేరినవాడికిచ్చాడు. ఇదేం న్యాయం అంటే, వాడికి అదొక్కటే వచ్చు, నీకన్నీ వచ్చు, నిన్ను ఒకచోట కట్టేస్తే మిగతావి ఎవడు చూస్తాడు అన్నాడు. నెలాఖరులోగా నీకేది కావాలో తేల్చుకుని చెప్పు, చూద్దాం అన్నాడు.

కుంచె విరిచేద్దామనుకున్నాను. తలకట్లన్నీ ఒకే వాలులో వచ్చేలా రాసి వచ్చాను. సిగ్గులేదు నాకు.

మార్చి 4

ఇంట్లో చెప్పాను. బావ పడీపడీ నవ్వాడు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా మా ప్రెస్సులో కాగితాలు కోసే కటింగ్ మెషీన్ ఆయనది. పది గోతులు తవ్వావు బామ్మర్దీ, ఒక్కదాంట్లోనూ నీళ్లు పడలేదు, కనీసం నన్ను పాతిపెట్టడానికైనా ఒకటి లోతుగా తవ్వరా అన్నాడు.

అక్క నవ్వలేదు. అసలు నీకేం కావాలిరా అంది.

కీబోర్డు వాయించాలి. టెలిస్కోపు అద్దం అరగదీస్తున్నాను, సగమైంది. వైరింగ్ పుస్తకం ఇంకో వంద పేజీలుంది. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి పిలుస్తుంది. ఏది వదిలేద్దామన్నా వేలు కోసుకున్నట్టే ఉంటుంది.

మార్చి 6, మధ్యాహ్నం

కటింగ్ మెషీన్ ఆగిపోయింది. దానికి రెండు బటన్లు. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీదుంటే కత్తి కిందికి పోవు కదా. కుడి బటన్ పోయింది. బావ నన్ను పిలిచాడు. వెనక మూత తీసి రెండు తీగలు కలిపేశాను. ఇప్పుడు ఎడం బటన్ ఒక్కటి చాలు. ఆదివారం వచ్చి కొత్త స్విచ్ వేస్తానన్నాను.

ఓనర్ భుజం తట్టాడు. ఒళ్లు పొంగింది.

మార్చి 8, ఆదివారం

రోజంతా అద్దం దగ్గరే. నా మొహం అందులో తలకిందులుగా కనిపించింది, అంటే గుంట కుదిరినట్టే. ఎంత ఆనందమో.

మార్చి 9

స్విచ్ తెప్పించమని ఓనర్‌ని అడిగాను. ఒంటిచేత్తో పని ఎంత జోరుగా సాగుతోందో చూశావా, ఉండనీ అన్నాడు. సరే అన్నాను. కీబోర్డు క్లాసుకి టైమైంది.

మార్చి 17

బావ కుడిచేతి మూడు వేళ్లు.

మార్చి 18, ఆసుపత్రి వరండా

కుడిచేత్తో కత్తి కింద కాగితాల కట్ట సర్దుతున్నాడట. ఎడం చెయ్యి అలవాటుగా నొక్కేసిందట. ప్రెస్సు రిజిస్టర్లో ఓనర్ అజాగ్రత్త అని రాశాడు. ఒకే మాట. పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషికి.

తీగల సంగతి మీ అక్కకి చెప్పకు, ఇంట్లో ఒక్కడికైనా పని ఉండాలి అన్నాడు బావ. ఇంకనుంచి నీకొచ్చిన పనుల్లో సగం కూడా నాకు రావురా అన్నాడు. నవ్వుతానేమోనని నా మొహంలోకి చూశాడు.

నాలుగో తారీకున వేలు కోసుకున్నట్టు అని రాసుకున్నాను. ఇప్పుడే కొట్టేశాను. నాకేం తెలుసని రాశాను?

మార్చి 23, సోమవారం

ఓనర్ గదిలోకి పిలిచాడు. కటింగ్ మెషీన్ ఇక నీదే, మీ బావ పేరు చెరిపి నీ పేరు రాసుకో, ఎప్పటినుంచో ఏడుస్తున్నావుగా అన్నాడు. మరి స్విచ్? తర్వాత చూద్దాంలే అన్నాడు. కొత్త కుంచె కూడా తెప్పించి పెట్టాడు!

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాను. తీగలు, ఆదివారం, అద్దం, అన్నీ. బావ చొక్కాలకి గుండీలు ఊడదీసి హుక్కులు కుడుతోంది. కత్తెర పక్కన పెట్టి నావైపు చూసింది. మళ్లీ కత్తెర తీసుకుంది. నీకేం కావాలిరా అని ఈసారి అడగలేదు.

మార్చి 25, పొద్దున ఏడు

నాకేం కావాలో తేల్చుకున్నాను. బావ పేరు చెరపలేదు. దాని కింద నా పేరు, ఆ కింద ఇది, కొత్త కుంచెతోనే రాశాను:

తీగలు కలిపింది నేను. అలాగే ఉండనీ అన్నది ఓనర్. రిజిస్టర్లో అజాగ్రత్త అన్న మాట కొట్టేయాలి. కుడి బటన్ పెట్టేదాకా ఈ కత్తి దిగదు, ఫ్యూజు నా జేబులో ఉంది. శనివారం సాయంత్రం ఐదులోగా నాకు జవాబు కావాలి.