అమ్మ మాట్లాడకూడని ఇల్లు

జూన్ 3, మంగళవారం

అమ్మ వచ్చింది. జమ్మలమడుగు నుంచి, చెప్పాపెట్టకుండా. ఏటిగట్టు మీద మా గుడిసెలన్నీ తీసేసినారంట. పొద్దున బుల్డోజర్ వచ్చింది, మధ్యాన్నానికి చదును. పట్టా యాడుందని అడిగినారంట. నేను పుట్టిన గుడిసె అది... అమ్మ ఏడవలేదు. మంచినీళ్లు అడిగింది.

జూన్ 5

నందినికి ఒకటే సంబరం. అవ్వ పక్కనే పడక. మెట్ల మీద కూచోని అవ్వ మా ఎరుకల మాటలో కథ చెప్తాంటే నోరు తెరుచుకొని వింటాంది. ఈ బాడుగింట్లోకి వచ్చి నాలుగేండ్లు. ఆ మాట నేను ఒక్కసారన్నా పైకి పలకలేదు.

జూన్ 7

ఇంటామె సరోజక్క పైకి వచ్చింది. బీపీ చూపించుకోడానికనుకున్నా, రోజూ ఉండేదే. మిషన్ తీసినా. చెయ్యి చాపలేదు.

"మీయమ్మ మాట్లాడేది ఏం భాష?"

చెప్పేసినా. అబద్ధం నోటికి రాలేదు. ముందే చెప్పింటే బాగుండు గదమ్మా అని దిగిపోయింది.

జూన్ 8

నెలాఖరుకు ఖాళీ చెయ్యాలంట. కొడుకుతో చెప్పించింది. పోయినేడు కండ్లు తిరిగి పడితే ఆమెను ఎత్తి ఆటోలో వేసింది నేను. ఊరికి పోతే వాళ్లింటి తాళంచెవి నా దగ్గరే పెట్టేది. సాయంత్రం వచ్చి అది అడిగి తీసుకుంది. నా మొగం చూడలేదు.

ఎరుకలోళ్లంటే దొంగలనా? మమ్మల్నా?

జూన్ 10

పులివెందుల నుంచి మా ఆయన ఫోన్. బోరు లారీ పని ఈ వారమంతా ఆడనేనంట. నేను ఏడుస్తాంటే, ఇంగో ఇల్లు చూడు అన్నాడు. అన్నం తిన్న్యావా అని అడిగినట్టు. చిన్నప్పటినుంచి ఎన్ని ఇండ్లు మారినాడో ఆయనకే గుర్తులేదంట. ఆయనకు కోపం రాకపోవడం చూస్తే నాకు భయమైంది.

జూన్ 14

అమ్మ మాటలు మానేసింది. తెలుగు గూడా. పిలిస్తే అన్నానికి వస్తుంది, అంతే. నావల్లే గదా అని ఒకే ఒకసారి అనింది, గోడవైపు తిరిగి.

ఆస్పత్రిలో సూది వేయబోతే నరం దొరకలేదు, రెండుసార్లు గుచ్చినా. కొత్తగా చేరినావా అని పేషెంట్ అడిగినాడు. పదకొండేండ్లుగా నర్సును నేను.

జూన్ 17

ఇండ్లు వెతుకుతాండా. ఎవరైనా మొదట అడిగేది ఒకటే — మీరేమోళ్లు? చెప్పినాక ఒకాయన, ఇల్లు ఇప్పుడే ఇచ్చేసినామన్నాడు. టులెట్ బోర్డు ఆయన తలకాయ పైనే వేలాడతాంది.

జూన్ 21, శనివారం

మైదుకూరు రోడ్డు పక్కన ఇల్లు. గాలి, వెలుతురు, లోపలే కొళాయి. పెద్దాయన మంచిగానే మాట్లాడినాడు. నందినిని దగ్గరికి పిలిచినాడు.

"మీరేమోళ్లు పాపా?"

నేను నోరు తెరిచేలోపల నందిని చెప్పేసింది. సరోజక్క వాళ్ల కులం. తడుముకోలేదు. ఏడేండ్ల పిల్ల. నేను నేర్పలేదు... ఎవురూ నేర్పలేదు.

పెద్దాయన నవ్వుతా తలుపు తీసినాడు. నేను గూడా లోపలికి పోయినా.

బయటికొచ్చినాక ఎందుకట్ల చెప్తివి అన్నా.

"అవ్వను మాట్లాడొద్దని చెప్తే చాలు గదమ్మా."

జూన్ 22

రేపు పెద్దాయనకు ఇంటి గురించి మాట చెప్పాలి. అమ్మకింకా ఏమీ చెప్పలేదు.

మెట్ల మీద నందిని అవ్వకు ఆనుకొని కూచోనుంది. మెల్లగా అవ్వకే ఏదో కథ చెప్తాంది. తెలుగులో.