వేళ్ల మీద ఎవరు కూర్చున్నారు?

ముదిగుబ్బ,
12-4-1958

డాక్టరు గారికి,

మా చెల్లెలు తిప్పమ్మ కీళ్లవాపులతో మీ దగ్గరికొస్తే, చెయ్యైనా ముట్టుకోకుండా "లావు తగ్గి రా" అన్నారు. ఆసుపత్రి కాటా చెడిపోయిందని మీ కాంపౌండరు మమ్మల్ని చెనిక్కాయల మండీకి పంపాడు. మూటలు తూచే కాటా మీద ఆమెను నిలబెడితే, హమాలీ ఒకడు "ఏమప్పా, ఈ మూట ఎవురిది?" అన్నాడు. అందరూ నవ్వారు.

బరువు మోకాళ్లకు భారమే, కాదనను. కానీ ముందు నొప్పి వచ్చింది, నడక ఆగింది, ఆ తర్వాతే ఒళ్లు వచ్చింది. ఈ కరువులో ఒంటిపూట సంగటి తినే మనిషిని తిండి తగ్గించమనడం ఏ శాస్త్రమండీ?

దారిలో తిప్పమ్మ నన్నడిగింది: "అన్నా, మోకాళ్లు నన్ను మోస్తాండాయి, సరే. ఏళ్లెందుకు వాచినాయి? ఏళ్ల మీద ఎవురు కూసున్నారు?"

పొద్దున లేస్తే ఆ వేళ్లు ముడుచుకోవు. ఒక్క చెనిక్కాయ వలవలేదు.

సోమవారం మొదటి బస్సుకు తీసుకొస్తాను. రానంటోంది, బతిమాలుతున్నాను. ముందు ఆమె చేతులు పట్టుకుని చూడండి. బరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇంత కోపం మీ ఒక్కరి మీదే అనుకోకండి. మండీలో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇట్లు,
తిప్పమ్మ అన్న