కడపలో ఎక్కి కర్నూల్లో దిగినంతసేపు

చిన్నోడా,

అన్నను రాస్తున్నాను. నువ్వు పోయి ఏడు నెలలయింది. మరదలు ఇప్పుడిప్పుడే పూటకింత తింటోంది. వానలు లేవు.

ఒక సంగతి నీకు చెప్పుకోవాలి. నోటితో ఎవరికీ చెప్పలేకపోయినాను...

కువైటు నుంచి వచ్చి తిరిగి పోయేటప్పుడల్లా నువ్వు ఒకటే మాట అనేవాడివి. "ఏమన్నా, అంత దిగులు పడతాండావు? విమానంలో అయిదు గంటలే. కడపలో బస్సెక్కి కర్నూల్లో దిగినంతసేపు. నువ్వు రమ్మంటే చాలు, బస్సులో ఒక కునుకు తీసేసరికి నేను తిరిగొచ్చి మద్రాసులో దిగుంటా."

నాకు విమానం తెలియదు. కర్నూలు బస్సు తెలుసు, అక్కను ఇచ్చిన ఊరు కదా. అందుకే నమ్మినాను.

ఆ పొద్దున నీ గదిలో ఉండే కమలాపురం సుబ్బన్న ఫోను చేశాడు. నిద్రలోనే పోయినావన్నాడు. విమానం అయిదు గంటలు, మద్రాసు నుంచి మన రాజంపేటకు కారులో నాలుగు గంటలు అనుకున్నాను. పొద్దు గుంకేలోపల వస్తావని, చేనులో నాయన పక్కన గుంత తవ్వించినాను.

పొద్దు గుంకింది... నువ్వు రాలేదు.

మరునాడు ఆసుపత్రి కాగితం కావాలన్నాడు సుబ్బన్న. తర్వాత పోలీసుల కాగితం. తర్వాత నీ యజమాని సంతకం. ఆయన ఊళ్లో లేడట. శుక్రవారం సెలవట. ఫోను పట్టుకుని సరే సరే అన్నాను. ఇంకేం చేసేది నేను?

తవ్విన గుంత ఖాళీగా ఉంటే ఇంట్లో ఇంకొకరిని అడుగుతుందంటారు కదా. మనిషి రాకముందే ఎవరన్నా తవ్విస్తారా అని ఊరంతా నన్ను తప్పుపట్టింది. దండెం మీద నీ నీలంచొక్కా ఉండింది. దాన్ని గుంతలో పెట్టి పూడ్పించినాను. ఎందుకో... మడత కూడా పెట్టినాను.

పంతొమ్మిదో రోజు పెట్టెలో వచ్చినావు. ఒకసారి పూడ్చిన చోట మళ్లీ తవ్వకూడదని పక్కన ఇంకొకటి తవ్వినారు. పెట్టె తెరవద్దన్నారు. తెరవండని గట్టిగా అడగలేకపోయినాను. నీ ముఖం చూడలేదురా. పైన పేరు మాత్రం నీదే. లోపల నువ్వేనా? ఆ మొదటి గుంతలో చొక్కా అయితే నీదే, గుండీ నేనే కుట్టినాను...

మొన్న అక్కను చూడడానికి పోయినాను. కడపలో బస్సెక్కి, నువ్వు తెచ్చిన వాచీ చూసుకున్నాను. కర్నూల్లో దిగి మళ్లీ చూసుకున్నాను. అయిదు గంటలకు కొంచెం తక్కువే పట్టింది. నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. కునుకు మాత్రం పట్టలేదు.

శుక్రవారం శుక్రవారం చేనుకు పోయి రెండు చోట్లా దీపం పెడుతున్నాను. ఒకటే చాలని మరదలు అంటోంది. ఏది ఆపేది? నడవగలిగినన్నాళ్లూ రెండూ పెడతాను.

నీ అన్న