ఏటవాలు వెలుగు

మార్చి 4

కొత్త టార్చిలు ఎంపిక చేసే పని నా నెత్తిన పడింది. మిల్లులో సేఫ్టీ చూసేదాన్ని కాబట్టి ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నాకే వస్తాయి. సరేగారు పిలిచి, గట్టిగా ఉండాలి, చవగ్గా ఉండాలి, నెలాఖరులోగా రావాలి అన్నారు. మా మేనేజరుకి ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఏం చెప్పినా సరే అంటారు, ఆ తర్వాత ఏమీ జరగదు.

ఇప్పుడున్న టార్చిల్ని చూస్తే జాలేస్తుంది. రబ్బరు బ్యాండు వేస్తేగానీ మూత నిలవదు. పసుప్పచ్చని గుడ్డి వెలుగు, మూరెడు దాటదు. గోధుమలు పోసే మా సైలో ఆరంతస్తుల కాంక్రీటు గొట్టం. అది ఖాళీ అయినప్పుడల్లా లోపలి గోడలు చూడాలి. ఇన్‌స్పెక్టరు తాడుకి కట్టిన కుర్చీలో వేలాడుతూ, గోడకి ముక్కు ఆనించి, టార్చి కూడా అక్కడే ఆనించి, చుట్టూ చూసుకుంటూ కిందికి దిగాలి. కళ్ళు పోతున్నాయమ్మా, నడుం ఎలాగూ పోయింది అన్నాడు. అబద్ధం కాదు, మనిషి వంగిపోయాడు.

మార్చి 9

మూడు రకాలు తెప్పించాను. మా దగ్గర పిండి ధూళి గాల్లోనే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, మిల్లు మిల్లంతా లేచిపోతుంది. అందుకని ధూళిలో వాడొచ్చని సర్టిఫికెట్ ఉన్నవే తీసుకున్నాను. సర్టిఫికెట్‌ని ఊరికే నమ్మే మనిషిని కాను. పిండి డబ్బాలో పెట్టి కుదిపాను. మేడ మెట్లమీంచి కిందకి వదిలాను. బకెట్లో ముంచి మర్నాటిదాకా ఉంచాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, నన్ను చేసుకునేముందు కూడా ఇన్ని పరీక్షలు పెట్టావా అన్నాడు. మెట్లమీంచి తోసి చూడలేదు, అదొక్కటే పొరపాటైంది అన్నాను.

ఒకటి మెట్ల దగ్గరే చచ్చింది. ఇంకోదానిలోకి నీళ్ళు దిగాయి. నల్ల రబ్బరు తొడుగున్నది మాత్రం బకెట్ అడుగున కూడా వెలుగుతూనే ఉంది. అందులో అదే చవక. దాని వెలుగు వీధిలోకి వేస్తే చివరింటి గేటు కమ్మీలు కూడా కనబడ్డాయి.

మార్చి 10

నల్లదే. సంతకం పెట్టేశాను.

మార్చి 28

టార్చిలు వచ్చాయి. సైలో ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టరు అడుగు తలుపులోంచి లోపలికి వెళ్ళి, నట్టనడుమ నిలబడి, టార్చి పైకెత్తి చుట్టూ తిప్పాడు. అంతే. ఒక్క పూటలో పని అయిపోయింది. గోడలు పైదాకా ఇవాళే కట్టినట్టు తెల్లగా ఉన్నాయమ్మా అన్నాడు. కుర్చీని, తాడుని చుట్టబెట్టి స్టోర్సులో పడేశాడు. నువ్వు నూరేళ్ళు బతకాలి అని దీవించాడు కూడా.

నాకు గర్వంగానే ఉంది. దాచుకోవడం దేనికి.

ఏప్రిల్ 17

సైలో మళ్ళీ ఖాళీ, రిపోర్టు మళ్ళీ క్లీన్. పోయినేడు రిపోర్టుల్లో ఇక్కడో సన్నపగులు, అక్కడో పెచ్చు అని ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఏమయ్యాయని ఇన్‌స్పెక్టరుని అడిగాను. ఆ గుడ్డి వెలుగులో మరకలు కూడా పగుళ్ళలా కనిపించేవమ్మా అన్నాడు. సబబుగానే తోచింది. సరేగారు టార్చి గురించి నేను రాసిన నోటుని మా కంపెనీ మిగతా మిల్లులన్నింటికీ పంపారు. ఇంకమీదట అన్నిచోట్లా నా టార్చే.

చెల్లి ఉద్యోగంలో చేరింది. ప్యాకింగ్ హాల్లో, సరిగ్గా సైలో కింద. వాళ్ళాయనకి పని పోయినప్పటినుంచీ ఇల్లు దానిమీదే నడుస్తోంది, నేనే చెప్పి పెట్టించాను. మొదటిరోజు తలెత్తి పైకి చూసి, ఇంత బరువు కింద కూర్చోవాలంటే భయంగా ఉందక్కా అంది. నేనున్నానుగా అన్నాను.

మే 6, సాయంత్రం

ఇంట్లో కరెంటు పోయింది. నల్ల టార్చి వెలిగించి నేలమీద పెడితే దొర్లి గోడ వారకి పోయింది. ఆ గోడకి మొన్ననే రంగు వేయించాం. అద్దంలా ఉందని పెయింటరుని తెగ మెచ్చుకున్నాం. ఇప్పుడు వెలుగు పక్కనుంచి గోడ వెంబడి పాకేసరికి గోడంతా గుంటలూ గడ్డలూ. ఒక గీత నీడ వేసుకుని పైకప్పుదాకా పోయింది. టార్చి తీసి ఎదురుగా పట్టాను. గీత లేదు. వారకి పెట్టాను. ఉంది.

మా ఆయన ఏమైందని రెండుసార్లు అడిగాడు. నేను టార్చిని ఎదురుకీ వారకీ మారుస్తూనే ఉన్నాను.

ఎదురుగా కొడితే ఎంత వెలుగైనా పగుల్ని కప్పేస్తుంది. పగులు కనబడాలంటే నీడ పడాలి. పాత టార్చి గుడ్డిది కాబట్టి గోడకి ఆనించి పట్టేవాడు, ఆనించాడు కాబట్టి నీడ పడేది. మంచి టార్చి ఇచ్చి మనిషిని గోడకి దూరం చేశాను. దూరపు కొండలు నునుపని చిన్నప్పటినుంచీ వింటున్నదాన్నే. మెట్లమీంచి పడేసి చూశాను, నీళ్ళలో ముంచి చూశాను, గోడమీద వెలుగు వేసి మాత్రం చూడలేదు.

మే 7

అదృష్టం, సైలో ఖాళీగా ఉంది. ఎల్లుండి లోడు వస్తుందట. స్టోర్సులోంచి కుర్చీ తెప్పించి నేనే కూర్చున్నాను. పైన చాలాసేపు ఏమీ లేదు, అనవసరంగా కంగారు పడ్డానేమో అనుకున్నాను. సగం దిగాక కనిపించింది. నిలువుగీత. గోటితో తాకితే గోరు లోపలికి దిగింది. కుర్చీని కొంచెం కొంచెం దించమంటూ దాని వెంటే వెళ్ళాను. పోనుపోను వెడల్పైంది. అడుగుదాకా ఉంది, ప్యాకింగ్ హాలు కప్పుదాకా.

ఇన్‌స్పెక్టరుని పిలిచి అడుగున చూపించాను. నా చేతిలోంచి టార్చి తీసుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, గోడమీదికి ఎదురుగా పట్టాడు. ఇప్పుడు లేదు కదమ్మా అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

మే 8

సరేగారు ఫోటో చూసి సరే అన్నారు. మళ్ళీ చూసి, ఈ నీడ మీరు టార్చి పట్టిన తీరువల్ల వచ్చిందేమో అన్నారు. ఇన్‌స్పెక్టరు బాగుందని సంతకం పెట్టాడు, టార్చి మీరు మెచ్చి తెచ్చిందే, ఇప్పుడు మీరే నమ్మొద్దంటే ఎలాగమ్మా అన్నారు. లారీలు బయల్దేరాయట. ఈ సరుకు అయిపోయాక ఎవరైనా ఇంజనీరుని పిలుద్దాం అన్నారు.

మిగతా మిల్లులకి ఫోన్లు చేశాను. అక్కడా గోడలన్నీ క్లీనేనట. ఒకాయన టార్చి చాలా బాగుందని థాంక్స్ చెప్పాడు.

మే 9

నింపుతున్నారు.

మే 10

చెల్లింటికి వెళ్ళాను. సెలవు పెట్టవే అన్నాను. ఎన్నాళ్ళు పెట్టమంటావ్ అంది. చేరి నెల కాలేదు, ఇప్పుడు మానేస్తే మళ్ళీ రానిస్తారా అంది. పగులు సంగతి మొత్తం చెప్పాను. వింటూ కూర తరుగుతూనే ఉంది. నేను మానేస్తాను సరే, నా పక్కన కూర్చునేవాళ్ళ మాటేమిటక్కా, వాళ్ళకీ చెప్పావా అంది. కోపంగా అడగలేదు. అందుకే సిగ్గేసింది. హాలంతటికీ చెప్తే సరేగారు నన్ను ఆ పూటే పంపించేస్తారు, ఆ పైన పట్టించుకునేవాళ్ళుండరు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చేదాకా సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను.

మే 12

నా టేబుల్ ప్యాకింగ్ హాల్లోకి మార్పించుకున్నాను. సరేగారు సరే అన్నారు, ఆశ్చర్యంగా అది జరిగింది కూడా. చెల్లి నాకు రెండు వరుసల అవతల కూర్చుంటుంది. సైరన్ బటన్ నా వెనక గోడకే ఉంది. నిప్పు లేకుండా నొక్కినవాళ్ళ ఉద్యోగం ఊడుతుంది. ఆ రూలు రాయించింది నేనే.

పైన పూర్తిగా నిండిందట.

మే 13, మధ్యాహ్నం

టేబుల్ మీద తెల్లటి పొడి. పొద్దున్న తుడిచాను, టీ తాగొచ్చేసరికి మళ్ళీ పడింది. ఇది పిండి మిల్లక్కా, పిండి కాక ఏం రాలుతుంది అని చెల్లి నవ్వింది. వేలికి అద్దుకుని నాలుకమీద పెట్టుకున్నాను.

పళ్ళ కింద సిమెంటు ఇసుకలా కరకరలాడింది.

అదే రోజు, గేటు బయట

సైరన్ నొక్కాను. డ్రిల్ అనుకుని అందరూ టీ గ్లాసులతో సహా బయటికొచ్చారు. నిప్పెక్కడ అని సరేగారు అడుగుతూనే ఉన్నారు. రేపట్నుంచి రావొద్దని కూడా అన్నట్టున్నారు. చెల్లి మొహం తిప్పుకుని నిలబడింది. లోపల మెషీన్లన్నీ ఆగాయి. సైలో తలుపులు మూసే ఉన్నాయి, కళ్ళారా చూసి వచ్చాను. అయినా ఎక్కడో గింజలు జారుతున్న చప్పుడు.

చెల్లి తలెత్తి సైలో వైపు చూసి, నా మోచెయ్యి పట్టుకుంది.