తాంబూలం ఇచ్చి కట్టించిన డబ్బు

గాజువాక, 2004 ఆగస్టు, మంగళవారం.
బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, గ్యాస్ బుక్ చేశాను.

అక్కా, ఇవాళ నువ్వు పోయిన రోజు. నిరుడు వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన పక్కింటి నరసమ్మను, తాంబూలం ఇస్తూనే నేను చేరిన ఇంటర్నెట్ గొలుసు వ్యాపారంలో డబ్బు కట్టించి చేర్పించాను. నిన్నటి నుంచి ఆ వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు. వాళ్ళ ఆఫీసుకు తాళం వేసి ఉంది.

పొద్దున్నే నరసమ్మ వచ్చింది.

"తాంబూలంతోపాటు టోపీ కూడా ఎట్టీసినావమ్మా! ఆ కంపెనీవోలు నాకేటి తెలుసు? నాను నీ మొకం సూసి కట్టినాను. మా పిల్ల కాలేజీ ఫీజది."

"సాయంత్రానికి ఇస్తాను" అన్నాను.

నువ్వు నాకు పెట్టిన బంగారు గాజులు అమ్మేశాను. కొట్టతను తూచేటప్పుడు నేను అటు చూడలేదు.

నరసమ్మ డబ్బు లెక్కపెట్టుకుని, "మరి నీ డబ్బులో?" అంది.

"పోయాయి" అన్నాను.

నరసమ్మ బాకీ చెల్లు.