అమ్మ అడిగిన సాక్ష్యం

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు మన ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక. దేవుడే లేడన్నవాడికి ప్రార్థనలేంటని నువ్వైతే నవ్వేవాడివి.

"సచ్చేముందర యేసప్పా అని పిలిచినాడని సాక్ష్యం చెప్పు పాపా. వాడు యాడికి పోయినాడో అని అందరూ అడుగుతాండారు," అంటూ అమ్మ పొద్దుటి నుంచీ నా వెంటపడింది. ఆసుపత్రిలో చివరిదాకా నీ పక్కన ఉన్నది నేనే కదా. కూర్చోలేక వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

కూడికలో పాస్టర్ గారు సాక్ష్యానికి పిలిస్తే లేచాను. దేవుణ్ణి నమ్మేదాన్ని కాబట్టే ఆయన ముందు నోట అబద్ధం రాలేదు.

"అన్న ఆఖరిదాకా నమ్మలేదు. అమ్మ అన్నం తినిందా అని అడిగినాడు, అంతే."

అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"యేసప్పా, వాడు నిన్ను నమ్మలేదంట. నువ్వు మాత్రం వాణ్ణి ఇడిసిపెట్టాకప్పా."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. నీకు కోపమొస్తే రానీ.

నీ చెల్లెలు