కార్డు మెడలో వేసుకో, మొహమాటం ఇంట్లో పెట్టు

అక్కా,

లేవగానే థర్మామీటర్ పెట్టుకో. జ్వరం మాత్ర ముందే మింగావంటే అది అబద్ధం చెబుతుంది. వంద దాటితే వెంటనే క్యాన్సర్ వార్డుకి ఫోన్ చెయ్యి. నంబరు ఫ్రిజ్ మీద అంటించాను. పక్కింటి వదినని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపో. ఈ వారం నీ ఒంట్లో తెల్లకణాలు అడుగంటే వారం.

పోయిన నెలలోలా మాత్రం చెయ్యకు! ఎమర్జెన్సీలో, క్యాన్సర్ వార్డు వాళ్లిచ్చిన ఆ ఎర్ర కార్డు చూపించి "కీమో మీద ఉన్నాను, జ్వరం వచ్చింది" అంటే చాలు, నేరుగా లోపలికి తీసుకెళ్తారు. నువ్వేమో దాన్ని పర్సులో దాచుకుని, దగ్గుతున్న పెద్దాయన పక్కన బుద్ధిగా కూర్చున్నావు. పైగా నీ వంతు ఆయనకిచ్చావు! నేను బండి పెట్టి వచ్చి అరిస్తే "ఆయన మనకంటే ముందొచ్చాడురా" అంటావా? పిల్లల్ని వరసలో నిలబెట్టిన టీచరమ్మవే, కాదనను. జ్వరం నీ స్టూడెంట్ కాదే! కీమో కాస్తా ఏమో అయ్యేది. డాక్టరమ్మ నిన్ను వదిలేసి నన్ను చీవాట్లు పెట్టింది. "ఇంకాస్త ఆలస్యమైతే..." అని మధ్యలో ఆపేసింది. ఆ ఆపిన మాటే నన్నింకా పీక్కుతింటోంది.

కార్డుకి తాడు కట్టి గుమ్మం దగ్గర తగిలించాను. బడిపిల్లలా కనిపిస్తే కనిపించావులే, మెడలో వేసుకో.

ఎదురుగా అరవలేక కాగితం మీద అరుస్తున్న
నీ తమ్ముడు

అన్నట్టు, బస్సు నడుపుతుంటానని నాకు ఫోన్ చెయ్యడం మానకు. పక్కకి ఆపి ఎత్తుతాను. ఎక్కినవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ. వాళ్లకి వెనకాల ఇంకో బస్సు వస్తుంది. నాకు ఇంకో అక్క రాదు.